అందరికీ తెలిసిన రహస్యం

సైకలాజికల్ థ్రిల్లర్లంటే మీకూ ఇష్టమేనా? అయితే ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. ధనుర్మాసం చలి. వీధిలో కుర్రాళ్లు నెగడు వేసుకున్నారు. కాల్చిన తేగలున్నాయి, వలుచుకు తింటూ మాట్లాడుకుందాం. ఇలాంటి కథలు చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి వేళ దొరకదు.

ఈ మధ్య ఏ నవల తెరిచినా, ఏ సిరీస్ పెట్టినా దాదాపు ఒకటే వరస. ఓ పెద్ద ఇల్లు. ఆ ఇంట్లో పుట్టి, ఊపిరాడక పారిపోయిన ఓ ఆడపిల్ల. అమ్మ పోయిందని కబురొస్తే పాతికేళ్లకి తిరిగొస్తుంది. ఇంట్లో తాళం తియ్యని గది ఒకటుంటుంది, ఎవరూ ఎత్తని పేరు ఒకటుంటుంది. రాత్రిళ్లు ఆ పిల్లకి పాత కలలే మళ్లీ వస్తాయి. ఆఖరికి పెరట్లోనో అటక మీదో ఏదో బయటపడి, ఇన్నాళ్లూ తనకెందుకు నిద్ర పట్టలేదో ఆ పిల్లకి అర్థమవుతుంది. నాకూ ఇష్టమే. పట్టుకుంటే తెల్లవార్లూ చదివేస్తాను.

కాని చదువుతున్నంతసేపూ అందరూ "ఎవరు చేశారు?" అని వెతుకుతుంటే, నా మనసు మాత్రం "ఎవరెవరికి తెలుసు?" అన్నదాని వెంట పడుతుంది. ఒక ఇంట్లో అంత పెద్ద సంగతి పాతికేళ్లు దాగడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. వంటింట్లో వాళ్లకి తెలిసే ఉంటుంది. దొడ్డిదారిన వచ్చే పనిమనిషికి తెలుసు. పక్కింటివాళ్లకి తెలుసు, పురోహితుడికి తెలుసు. తెలియనిదల్లా ఆ పిల్లకే. ఆ పిల్లకైనా సంగతేమిటో తెలియదు గాని, ఏదో ఉందని తెలుసు. పెద్దవాళ్లు మాట మధ్యలో ఎందుకు ఆగారో, తను రాగానే పిన్ని కళ్లెందుకు తుడుచుకుందో పసివాళ్లు ఇట్టే పసిగడతారు. మాట తెలియదు, బరువు తెలుస్తుంది. థ్రిల్లర్ పుట్టేది అక్కడే. ఇలాంటి కథ కోసం సముద్రాలు దాటక్కర్లేదండీ. మన విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లల్లోనే ఉంది, మన పెద్ద రచయితలు రాసి పెట్టారు కూడా.

ముందు ఇళ్ల సంగతి చెప్తాను. మన వైపు చాలా కుటుంబాల్లో ఇంటి పేరంటాలు ఉంటుంది. ఆ ఇంట్లో పుట్టిన ఆడపడుచో, ఆ ఇంటికొచ్చిన కోడలో, చిన్నవయసులో పోయిన మనిషి. పండక్కీ పెళ్లికీ ముందు ఆవిడకి పసుపు కుంకుమలు పెట్టి, కొత్త చీర చూపించి మొక్కుతారు. మా ఇంట్లోనూ ఉంది. మా నాయనమ్మ ఆ చీరని గోడవార పీట మీద పెట్టి, మడత విప్పకుండా, అంచు ఒక్కటే బయటికి కనపడేలా సర్దేది. గాజులు దాని మీద పెట్టేది. దణ్ణం పెట్టుకున్నాక పెదాలు కదిలేవి, మాట వినపడేది కాదు. "ఆవిడెలా పోయింది నాయనమ్మా?" అని నేనడిగితే, "నూతి దగ్గర కాలు జారింది. ఆ ఊసు మనకెందుకు, దణ్ణం పెట్టుకో" అనేది. ఆ రోజు నుంచీ చాలాకాలం నేను నూతి దగ్గరికి ఒక్కర్తినీ వెళ్లలేదు. కాలు జారుతుందని కాదు నా భయం. నాయనమ్మ ఆ మాట చెప్పేటప్పుడు నా మొహంలోకి చూడలేదు, అందుకు.

ఇంట్లో పోయిన ఆడమనిషిని దేవతని చెయ్యడం తప్పని నేననను. అందులో ప్రేముంది, పశ్చాత్తాపం ఉంది. విజయనగరం పైడితల్లినే చూడండి. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగింది. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. ఆ దుఃఖంలో చెల్లెలు పైడిమాంబ ప్రాణం విడిచిందనీ, పెద్దచెరువులో విగ్రహమై దొరికిందనీ మనవాళ్లు చెప్పుకుంటారు. ఏటా దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను ఊరేగుతుంటే, భుజాన ఎక్కిన పిల్లాడు "ఎవరీ అమ్మవారు?" అని అడుగుతాడు. ఆ తండ్రి యుద్ధం దగ్గర నుంచీ కథంతా చెప్తాడు. రాజుగారింటి చావు ఊరందరి కథ అయింది. చెప్పుకున్న దుఃఖం పండగైంది. మన ఇళ్లల్లో పేరంటాళ్ల కథలు మాత్రం పీట మీది చీర మడతలోనే ఉండిపోయాయి.

ఎందుకు చెప్పరంటే పెద్దవాళ్ల దగ్గర సామెత సిద్ధంగా ఉంటుంది: ఇంటిగుట్టు లంకకు చేటు. చిన్నప్పట్నుంచీ విన్నదే. కాని ఒక్కసారి ఆలోచించండి. లంక కాలింది విభీషణుడు నోరు విప్పినందుకా? పరాయి ఆలిని ఎత్తుకొచ్చి అశోకవనంలో కూర్చోబెట్టినందుకు. ఆ సంగతి లంకలో అందరికీ తెలుసు. మండోదరికి తెలుసు, కుంభకర్ణుడికి తెలుసు. తప్పు చేసినవాణ్ణి వదిలేసి, చెప్పినవాడి మీద సామెత కట్టుకున్నాం మనం. 

ఇప్పుడు అసలు కథలోకి వస్తాను. గురజాడ కన్యాశుల్కం నాటకాన్ని మనం నవ్వుకుంటూ చదివాం, నవ్వుకుంటూ చూశాం. ఈసారి మాటకారి గిరీశాన్ని కాసేపు పక్కన కూర్చోబెట్టి, థ్రిల్లర్ చదివినట్టు చదవండి. ముసలి లుబ్ధావధాన్లు డబ్బిచ్చి చిన్నపిల్లని పెళ్లాడబోతాడు. ఆ పిల్ల సుబ్బి. తండ్రి అగ్నిహోత్రావధాన్లు మాటిచ్చేశాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకేదాకా వెళ్లింది. మేనమామ కరటకశాస్త్రి, మేనకోడల్ని తప్పించడానికి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తన కూతురని చెప్పి, ఆ ముసలాయనకే కట్టబెడతాడు. పెళ్లయ్యాక పెళ్లికూతురు మాయమైపోతుంది. రాత్రికి రాత్రి పిల్ల ఏమైపోయింది? ఊళ్లో గుసగుసలు. పోలీసులొస్తారు. లుబ్ధావధాన్లు పెళ్లాన్ని చంపేశాడని హత్యానేరం మెడకి చుట్టుకుంటుంది. వకీలు సౌజన్యారావు పంతులు దాకా వ్యవహారం వెళుతుంది. ఆఖరికి మధురవాణి మగవేషంలో వెళ్లి నిజం బయటపెడుతుంది. మారువేషం, మాయమైన మనిషి, హత్య కేసు, ఆఖర్న నోరు విప్పిన సాక్షి. థ్రిల్లర్‌కి ఇంకేం కావాలి?

ఇక్కడొక్క క్షణం ఆగండి. ఇది పట్టుకున్న రోజు నాకు ఒళ్లు జలదరించింది. ఆ నాటకంలో హత్య కేసు పెట్టింది ఎవరి కోసం? అసలు లేనే లేని ఆడపిల్ల కోసం. ఉన్న ఆడపిల్లల మాటేమిటి? సుబ్బి అక్క బుచ్చమ్మని పసితనంలో ముసలివాడికి కట్టబెట్టారు, కాపురం ఎరగకుండానే ముండమోసింది. దానికి కేసు లేదు. సుబ్బిని అమ్మజూపారు, కేసు లేదు. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి పడుచువయసులోనే విధవ. రామప్పపంతులుతో ఆమె సంగతి ఊరంతా ఎరిగినదే. ఆ పిల్లకి దిక్కేమిటని అడిగిన సర్కారు లేదు, పంచాయితీ లేదు. లేని పిల్ల చావుకి పోలీసులు కదిలారు. ఉన్న పిల్లల బతుకులు కూలిపోతుంటే అది ఆచారమైంది. గురజాడ ఇంత పెద్ద మాటని మనల్ని నవ్విస్తూ చెప్పాడు. ఆ నవ్వులో పడి మనం ఆ ఇంట్లో మీనాక్షి ఒక్కర్తీ ఎలా నిద్రపోయేదో అడగడం మర్చిపోయాం.

ఇదంతా కల్పనే కదా అంటారా? విజయనగరం మహారాజు ఆనందగజపతి ఆ రోజుల్లో ఒక పట్టిక తయారు చేయించారు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల పట్టిక. 1897లో అచ్చయిన కన్యాశుల్కానికి ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాటలో గురజాడ ఆ లెక్కలిచ్చారు. మొత్తం 1,034 పెళ్లిళ్లు, ఏడాదికి సగటున 344. వాటిలో పెళ్లికూతురికి అయిదేళ్లున్నవి 99. నాలుగేళ్లున్నవి 44. మూడేళ్లున్నవి 36. రెండేళ్లున్నవి 6. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందులకి పలికిన వెల 350 నుంచి 400 రూపాయలు. పట్టిక పూర్తి కాదనీ, డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి ఆయా కుటుంబాలకి ఇష్టం ఉండదనీ కూడా ఆయన రాశారు.

కూడి చూడండి. అయిదేళ్లూ, ఆ లోపూ ఉన్న పిల్లలు 188 మంది. పెళ్లి మేళాలు మోగాయి, ఊరంతా భోంచేసి వెళ్లింది. అమ్మిన ఇల్లు, కొన్న ఇల్లు, మంత్రం చదివిన నోరు, అందరికీ తెలుసు. ఒప్పుకున్నవాళ్లు మాత్రం తక్కువ. ఆ 188 మంది పెద్దయ్యాక "నన్నెందుకిచ్చారు?" అని అడిగితే ఏ తల్లి ఏం చెప్పిందో! రహస్యం బద్దలు కొట్టడానికి డిటెక్టివే రానక్కర్లేదండీ. నిజాయితీగా లెక్క రాసే మనిషి ఒకడున్నా చాలు.

మళ్లీ నాటకానికి వస్తే, సుబ్బి వాళ్లింట్లోనే ఇంకో పిల్లాడున్నాడు, వెంకటేశం. పరీక్ష తప్పాడు. ఆ మాట తండ్రికి చెప్పే ధైర్యం లేదు. అగ్నిహోత్రావధాన్లు కోపం అలాంటిది. ఆ భయం సందులోంచి ఇంట్లోకొచ్చినవాడే గిరీశం. నిజం చెప్తే దెబ్బలు పడే ఇంట్లో పిల్లలు అబద్ధం నేర్చుకుంటారు, ఆ అబద్ధానికి అండగా నిలబడ్డవాడి వెంట పోతారు. కన్యాశుల్కం రెండో కూర్పు 1909లో వచ్చింది. సరిగ్గా ఆ ఏడే వియన్నాలో ఫ్రాయిడ్ ఓ చిన్న వ్యాసం అచ్చు వేశాడు. పిల్లలు తమ అమ్మానాన్నలు అసలువాళ్లు కారనీ, తాము వేరే గొప్పింటి బిడ్డలమనీ ఊహించుకుంటారని దాని సారాంశం. ఒకరి ఊసు ఒకరికి లేకుండా విజయనగరంలో ఒకరు, వియన్నాలో ఒకరు, ఇంటి లోపలి పిల్లవాడి మనసులోకి తొంగి చూశారు. గురజాడకి ఆ మనసుతో పాటు ఆ ఇంటి అరుగు, అప్పు, శుల్కం కూడా కనిపించాయి. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

మరి శ్రీకాకుళం? మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావుగారు, మన కారా మాస్టారు, యజ్ఞం అనే కథ రాశారు. సుందరపాలెంలో అప్పల్రాముడు పాత బాకీ తీర్చాలా వద్దా అని పెద్దలు తీర్పు చెప్పడానికి మండపంలో కూర్చుంటారు. ఏ ఏడు ఎంత తీసుకున్నాడు, ఊరు ఎలా బాగుపడింది, పేదవాడు ఎలా చితికిపోయాడు, ఒక్కొక్కటీ విప్పుతూ పోతారు. హంతకుడెవరో తేల్చే విచారణ లాగే నడుస్తుంది కథ. అప్పల్రాముడు సరేనంటాడు. అప్పుడు ఆయన కొడుకు సీతారాముడు, ఆ బాకీ తెచ్చే బానిసత్వం తన బిడ్డకి అప్పజెప్పలేక, సొంత కొడుకుని చంపేస్తాడు. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు లేవలేకపోయాను. చంపింది తండ్రే. కాని ఆ మండపంలో కూర్చున్నవాళ్లలో ఆ బాకీ న్యాయమైంది కాదని తెలియనివాడెవడు? తెలిసీ ఊరుకున్న పెద్దల బాకీ ఒక పసివాడు తీర్చాడు. ఈ కథ పేరిట వచ్చిన యజ్ఞంతో తొమ్మిది సంపుటికి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

"అయితే ఇంట్లో ఉన్నవన్నీ వీధిలో పెట్టుకోవాలా?" అని మీరడుగుతారు. అడగాల్సిన మాటే. దానికి జవాబు నాకు చాసో దగ్గర దొరికింది. చాగంటి సోమయాజులుగారు 1915లో శ్రీకాకుళంలో పుట్టి, చిన్నప్పుడే దత్తత వెళ్లి, విజయనగరంలో జీవించారు. ఆయన కథ ఏలూరెళ్లాలి ఉంది కదా, అందులో ముసలి భర్త చేతిలో పడ్డ ఓ పడుచు, రేపు తనకి దిక్కేమిటని ఆలోచించి, ఒక కుర్రాడి వల్ల బిడ్డని కంటుంది. ఏళ్ల తరవాత రైల్లో అతనికి ఎదురుపడుతుంది. ఇంకొకరైతే ఆవిణ్ణి కథ చివర శిక్షించేవారు. చాసో శిక్షించలేదు. తన బతుకు తను నిలబెట్టుకున్న మనిషిగా చూపించారు. ఆ గుట్టు ఆవిడది. దానివల్ల ఆవిడ బతికింది, బిడ్డ బతికాడు. దాన్ని బజారున పెట్టే హక్కు ఎవరికీ లేదు.

నేను తేల్చుకున్నది ఇదీ. పెద్దవాళ్ల సొంత బతుకులో వాళ్లు దాచుకున్నది వాళ్లిష్టం. కాని ఏ గుట్టుకి కిరాయి ఒక పిల్ల కడుతోందో, ఆ గుట్టు దాచే హక్కు ఏ పెద్దకీ లేదు. ఇంటికి వచ్చే చుట్టం చెయ్యి వేస్తున్నాడని పిల్ల చెప్తే "ఎవరితోనూ అనకు, పరువు పోతుంది" అన్నామంటే, ఆ పరువు ఖరీదు ఆ పిల్ల జీవితాంతం కడుతుంది. 

ఇది నా ఆవేశం ఒక్కటే కాదు. అమెరికాలో శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే ఇద్దరు డాక్టర్లు 17 వేల మందికి పైగా పెద్దవాళ్లని వాళ్ల చిన్నతనం గురించి అడిగారు. ఇంట్లో కొట్టేవారా, చెయ్యరాని పనులు చేశారా, అమ్మని ఎవరైనా కొట్టడం చూశారా, తాగుడుందా, ఎవరైనా జైలుకెళ్లారా, ఇలాంటి ప్రశ్నలు. 1998లో మొదటి ఫలితాలు ప్రచురించారు. ఆ చేదు అనుభవాలు ఎన్ని రకాలుగా ఎక్కువైతే, పెద్దయ్యాక గుండెజబ్బు, దిగులు, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నం అంత ఎక్కువగా కనిపించాయి. పదేళ్లప్పుడు మింగిన మాట యాభై ఏళ్లకి గుండెలో నొప్పి కావచ్చన్నమాట.

ఆ మాట మింగినవాడు ఎలా నడుస్తాడో, ఎలా మాట్లాడతాడో చూడాలంటే అల్పజీవి చదవండి. రావిశాస్త్రిగారు, అంటే రాచకొండ విశ్వనాథశాస్త్రి, 1922లో శ్రీకాకుళంలో పుట్టారు. 1952లో రాసిన ఆయన మొదటి నవల అది. అందులో సుబ్బయ్య ప్రతి మనిషికీ భయపడతాడు. భార్యకి, బావమరిదికి, అప్పిచ్చినవాడికి. రచయిత బయట జరిగేదానికన్నా అతని బుర్రలో పరిగెత్తే మాటల వెంటే వెళతాడు, ఆ ధోరణి జేమ్స్ జాయిస్‌ది అంటారు. హత్య లేదు, శవం లేదు. అయినా పేజీ తిప్పుతుంటే చేతులకి చెమట పడుతుంది. మన ఆఫీసుల్లో, మన బస్సుల్లో ఎంతమంది సుబ్బయ్యలున్నారో చూడండి. "ఆడు సిన్నప్పట్నుంచీ అంతేనండి, పిరికోడు" అని వదిలేస్తాం. చిన్నప్పుడు వాడికేమైందని అడగం.

ఇప్పటి సంగతీ అనుకుందాం. మన రెండు జిల్లాల్లో వలసపోని ఊరు అరుదు. తల్లీ తండ్రీ హైదరాబాదో చెన్నైయో కూలికి పోతే, గుంటలు ముసలమ్మ దగ్గర ఉండిపోతారు. "అమ్మెప్పుడొస్తాది?" అంటే "వచ్చే పండక్కి" అంటారు. పండగ వస్తుంది, అమ్మ రాదు. మన మత్స్యకారులు గుజరాత్‌లో వెరావల్ దాకా వెళ్లి వేట చేస్తారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కినవాళ్లలో చాలామంది 2020 జనవరిలో గాని వాఘా సరిహద్దు దాటి ఇంటికి రాలేదు. ఆ ఏడాది పైచిలుకు కాలమూ ఆ ఇళ్లల్లో పసివాళ్లకి ఏం చెప్పి ఉంటారో తలుచుకోండి. నిజం చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కాని ఆరేళ్లవాడికి ఆరేళ్ల వయసుకి తగిన నిజం ఒకటుంటుంది. "నాన్న వేరే దేశంలో చిక్కుకున్నాడు, తీసుకురావడానికి అందరం ప్రయత్నిస్తున్నాం, నువ్వేం తప్పు చెయ్యలేదు." ఈ మూడు ముక్కలు చాలు. మూడోది మరీ ముఖ్యం. పెద్దవాళ్లు చెప్పకుండా వదిలేసిన ప్రతి ఖాళీనీ పిల్లలు "నా వల్లే" అన్న మాటతో నింపుకుంటారు.

ఇంట్లో చెప్పుకోలేని పరిస్థితి ఉంటే పిల్లలకి 1098 ఉంది, పెద్దవాళ్లకి మనసు బరువు దించుకోవడానికి టెలిమానస్ 14416 ఉంది. ఫోను దగ్గర గోడ మీద రాసి పెట్టండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

తేగలు అయిపోవచ్చాయి. లేచే ముందు మీలో రాసే అలవాటున్నవాళ్లని ఒకటి అడుగుతాను. మీనాక్షి కళ్లతో ఆ లుబ్ధావధాన్ల ఇంటి కథ చదవాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక. లేదంటే యజ్ఞంలో ఆ పసివాడి తల్లి వైపు నుంచి రాయండి. సందేహమొస్తే శ్రీకాకుళం వెళ్లండి. కారా మాస్టారు పట్టుదలతో 1997లో మొదలైన కథానిలయం అక్కడుంది. తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చాలని పెట్టిన ఇల్లది, మన పాతవాళ్లు ఎలా రాశారో కూర్చుని చదువుకోవచ్చు. మొదటి పేజీలో శవం పెట్టక్కర్లేదు. ఇంట్లో అందరికీ తెలిసి, ఒక్క పిల్లకి మాత్రం చెప్పని మాట ఒకటుంటే థ్రిల్లర్ దానంతటదే నడుస్తుంది. అయితే ఒక్క షరతు. ఆఖరి పేజీ లోపల ఆ ఇంటి పెద్దల్లో ఒకరైనా ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్లలోకి చూసి, ఆ మాట చెప్పాలి.